‘పాకింది’ బదులు ఏమందాం?

మా పిన్నికి థైరాయిడ్ కాన్సర్. అమలాపురంలో రిపోర్టు చూసినాయన “మెడ బిళ్ళల్లోకి పాకిందండి” అన్నారు. మర్నాటి నుంచి పక్కింటావిడ పిన్ని తాగిన గ్లాసు విడిగా పెట్టమంటోంది. ఇది అంటురోగం కాదని నమ్మించడానికి నాకు వారం పట్టింది. ఆ బాధలోంచే ఈ పోస్టు.

పొట్లపాదు పందిరి మీద పాకుతుంది, నాచు రేవు మెట్ల మీద పాకుతుంది, తామర ఒంటి మీద పాకుతుంది. అన్నిట్లోనూ మొదలు తెగదు, పైపైన కళ్ళకి కనపడుతూ సాగుతుంది. కాన్సర్ కణం చేసేది వేరు. ముందు పక్క కణాలతో ఉన్న అతుకు ఊడదీసుకుంటుంది. కింద కొల్లాజెన్ అనే ప్రొటీను పొరని ఎంజైములతో కరిగించి అవతలికి దూరుతుంది. ఏటిగట్టుకి ఊట పుట్టి, మట్టి లోలోపల కోసుకుపోయి, ఆనక తెగిందని తెలుస్తుంది చూడండి, అదీ వరస. దీన్ని ‘గండి’ అంటే మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

ఆ తర్వాతది ప్రయాణం. థైరాయిడ్ కాన్సర్లో పాపిల్లరీ రకమైతే ఎక్కువగా లింఫు (కణాల మధ్య ఊరే పల్చటి ద్రవం) దారిన మెడ బిళ్ళల్లోకి, ఫాలిక్యులర్ అయితే రక్తంలో పడి ఊపిరితిత్తులకి, ఎముకలకి. దీనికి మాటేంటి?

— పాలకొల్లు నుంచి: మా కాలవలో గుర్రపుడెక్క ఇలాగేనండి. ఎగువన ముక్క తెగుతుంది, నీళ్ళు నిలిచిన చోట ఆగి మళ్ళీ గుంపు కడుతుంది. ‘కొట్టుకొచ్చి మొలిచింది’ అనకూడదా?

— ‘స్థానాంతర వ్యాప్తి’ అంటే శాస్త్రీయంగా ఉంటుంది కదా?

మాస్టారూ, పుస్తకంలో ఉండనివ్వండి. మంచం పక్కన నిలబడి ఆ మాట అనలేం. పాలకొల్లు అన్నయ్య మాటే నాకు నచ్చింది. 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లీషు డాక్టరు రొమ్ము కాన్సర్‌తో పోయిన 700 మందికి పైగా రోగుల వివరాలు చూసి, ఇది విత్తూ నేలా వ్యవహారం, ప్రతి విత్తూ ప్రతి నేలలో మొలవదు అన్నాడు. ప్రోస్టేట్ (మగవాళ్ళలో ఉండే గ్రంథి) కాన్సర్ కణాలకి ఎముక నచ్చినట్టు.

‘మొలిచింది’లో ఇంకో మేలుంది. ఊపిరితిత్తిలో మొలిచినా అది థైరాయిడ్ మొక్కే. చాలామందిలో అక్కడ కూడా థైరాయిడ్ లాగే అయోడిన్ పీల్చుకుంటుంది, అందుకే రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్) మందు అంత దూరమూ వెళ్ళి పనిచేస్తుంది. ‘ఊపిరితిత్తులకి పాకింది’ అంటే మాత్రం ఇంట్లోవాళ్ళు అది వేరే కాన్సర్ అనుకుంటారు.

పిన్నికి ఇలాగే చెప్పాను. “అయితే గండి పూడ్చి, మొలిచినవి పీకేస్తారన్నమాట” అంది. ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

— రాజోలు నుంచి: క్రియ కుదిరింది. నామవాచకం కూడా కావాలిగా, రిపోర్టులో రాయాలంటే? ‘తొలి కణితి, మలి కణితి’ అంటే ఎలా ఉంటుందండీ?

బాగుందండి. ‘మలి’ మనకి మలిపంట దగ్గర్నుంచీ తెలిసిన మాటే. రేపు పిన్ని కాగితాల మీద పెన్సిల్‌తో అదే రాస్తాను.