అబ్బ కాలం నాటి మందు తుపాకీ ఉంది, చెవులపిల్లుల వేటకు పోవచ్చా?

పెన్నా ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా, బద్వేలు దగ్గర పల్లె. పంట కాపలాకని మా అబ్బ (తాత) లైసెన్సు మీద తీసుకున్న తుపాకీ ఒకటి ఇంట్లో ఉంది. మూతిలోంచి మందు కూరి, గుళ్లు పోసి, నిప్పు రాజేసే చిన్న టోపీ పెట్టి కాల్చే రకం. ఆయన పోయినప్పటి నుంచి అటక మీదే పడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మా చిన్నాయన కొడుకు పెన్సిల్వేనియాలో ఉంటాడు, అక్కడ అచ్చం ఇట్లాంటి తుపాకీతోనే ఉడతల్నీ కుందేళ్లనీ కొట్టి ఫొటోలు పెడుతున్నాడు, అవి చూసినప్పటి నుంచి నాకూ మనసు లాగుతోంది. మా శెనక్కాయ చేను చుట్టూ చెవులపిల్లులు (కుందేళ్లు), కౌజు పిట్టలు బాగానే తిరుగుతుంటాయి. అడవిలోకి పోను, నా చేను గట్టు మీదే కూర్చుంటా. మందు ఎంత పోయాలి, గుళ్లు ఏ సైజు వాడాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రమల రైతు:
తమ్ముడూ, మందు కొలత తర్వాత, ముందు ఆ తుపాకీ సంగతి చూడు. లైసెన్సు మీ అబ్బకిచ్చింది, మీ ఇంటికి కాదు. ఆయన పోయినాక అది ఇంట్లో ఉంచుకోవడమే లైసెన్సు లేని ఆయుధం కింద లెక్క. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం వారసులు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలర్ దగ్గరగానీ దాన్ని డిపాజిట్ చేయాలి. చేసి రసీదు తీసుకో. తర్వాత వారసుడిగా నీ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వస్తే అదే తుపాకీ నీకు తిరిగిస్తారు. పంట కాపాడుకోవడానికి మూతిలోంచి కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని అదే చట్టం 13వ సెక్షన్‌లో ప్రత్యేకంగా రాసి ఉంది కాబట్టి ఇది జరగని పనేం కాదు. కానీ చెప్పకుండా దాచుకుంటే మాత్రం, 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు కనీసం 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా జైలు. అందులోనూ మీది ఎర్రచందనం ఉన్న ప్రాంతం, నాటు తుపాకీతో రాత్రిపూట కనిపించినవాణ్ణి ఎవరూ పంట కాపలాదారు అనుకోరు.

ఇక వేట. 1972 వన్యప్రాణి చట్టానికి నీ చేనూ ఒకటే, నల్లమలా ఒకటే. 2022 సవరణ (2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది) తర్వాత చెవులపిల్లి రెండో షెడ్యూల్లో (చట్టం కాపాడే జంతువుల జాబితాలో) ఉంది, కొడితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నెమలి, ఉడుము, కృష్ణజింక మొదటి షెడ్యూల్, వాటికైతే 3 నుంచి 7 ఏళ్లు. గట్టు మీద కూర్చున్నా అంతే.

అనంత టు అమెరికా:
మాది ధర్మవరం, ఇప్పుడు పెన్సిల్వేనియాలోనే ఉన్నా, ఈ రకం తుపాకీతోనే చిన్న జంతువుల వేటకు పోతుంటా. ఫొటోల్లో కనపడని సంగతులు చెప్తా. ఇక్కడ వేట లైసెన్సు ఉండాలి, దానికి ముందు వేటగాళ్ల క్లాసు పాసవ్వాలి, తల మీదా ఒంటి మీదా మెరిసే నారింజ రంగు వేసుకోవాలి. ఉడతలు రోజుకు 6, కుందేళ్లు 4, అంతకు మించి కొట్టకూడదు, అదీ సీజన్లోనే. అంటే మీ తమ్ముడు లెక్క ప్రకారమే ఆడుతున్నాడు.

తుపాకీ పనితనం గురించి అడిగారు కాబట్టి అదీ చెప్తా, నాకు దీని మీద ప్రాణం. మూతి దగ్గర సన్నబడని గొట్టం కాబట్టి ఇందులోంచి గుళ్లు వచ్చీ రాగానే విడిపోతాయి, 20-25 గజాలు దాటితే జంతువు గాయపడి పొదల్లోకి పోతుందే తప్ప చావదు. అందుకే ఇక్కడివాళ్లు ముందు పెద్ద కాగితం మీద కాల్చి, గుళ్లు ఎంత దూరంలో ఎంత ఒత్తుగా పడుతున్నాయో చూసుకుంటారు. మందూ గుళ్లూ ఒకే కొలతతో పోస్తారు, మధ్యలో మందపాటి అట్టబిళ్ల. మందు ఎక్కువైతే దెబ్బ గట్టిగా తగుల్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు, నిజానికి గుళ్లు చెదిరి మధ్యలో ఖాళీ పడుతుంది. చెకుముకి రాయి తుపాకీ అయితే నిప్పు రాలడానికీ మందు అంటుకోవడానికీ మధ్య రవ్వంత ఆలస్యం ఉంటుంది, పరిగెత్తే కుందేలు వెంట గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి, ఆపితే గుళ్లన్నీ దాని వెనకాల నేలకు తగుల్తాయి. పేలగానే తెల్లటి పొగ కమ్మేసి, తగిలిందో లేదో పక్కకు వంగి చూసేదాకా తెలియదు.

ఇవన్నీ మంచి స్థితిలో ఉన్న గొట్టం సంగతులు. అటక మీద ఏళ్ల తరబడి పడున్నదాన్ని, లైసెన్సు వచ్చినా సరే, ఆయుధాలు బాగుచేసేవాళ్లు చూడకుండా కాల్చొద్దు. లోపల తుప్పు పైకి కనపడదు. ఈ కాలపు తూటాల్లోని పొగరాని మందు ఇందులో ఎప్పుడూ పోయకూడదు, గొట్టం పగిలి చేతులు పోతాయి. ఇంకో మాట, దాన్ని కదిలించే ముందు లోపల పాత మందు ఉందేమో అన్న అనుమానంతోనే ఉండండి. ఈ నల్లటి తుపాకీ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లకైనా అంటుకుంటుంది. టోపీని కొట్టే గుర్రం ఎత్తి టక్కుమని కొట్టి చూడటం లాంటివి వద్దే వద్దు.

లంకమల పిట్టలు:
నాది సిద్ధవటం వైపు, పిట్టల్ని చూసుకుంటూ తిరుగుతుంటా. బద్వేలు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇక లేదనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది మన రెడ్డిపల్లి దగ్గరే, అదీ పిట్టలు పట్టే స్థానికుడొకాయన రాత్రి టార్చి వెలుతురుకు పట్టుకుంటే. ఆ పిట్ట కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. అది రాత్రిపూట, పలచటి ముళ్లపొదల మధ్య నేల మీద తిరిగే పిట్ట. చెవులపిల్లి కోసం మీరు రాత్రి కాపు కాసేదీ అట్లాంటి చోటే. చీకట్లో కదిలిందల్లా కౌజే అనుకుని కాలిస్తే ఏం పోతుందో ఆలోచించండి.

పెన్నా ఒడ్డు:
అందరికీ చాలా థ్యాంక్స్, లైసెన్సు సంగతి నిజంగా తెలియదు. రేపే నాయనతో మాట్లాడి స్టేషన్‌కు పోతాం. కానీ అడవి పందులు మా చేను తవ్విపోస్తున్నాయి, వాటికైనా దారి ఉందా? మా పక్క చేనాయన కరెంటు తీగ లాగుతానంటున్నాడు.

ఎర్రమల రైతు:
తీగ మాత్రం వద్దని ఆయన కాళ్లు పట్టుకునైనా చెప్పు. రాత్రి మోటరు వేయడానికి పోయేది మనమే, పోయేదీ మన ప్రాణాలే. నాటు బాంబులూ అంతే, గొడ్లు కొరికి మూతులు పగిలి చస్తాయి. అడవి పంది కూడా రెండో షెడ్యూలే, అయితే పంటకు నష్టం చేస్తుంటే 11వ సెక్షన్ కింద ఫారెస్టు అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఊళ్లో నష్టపోయిన రైతులంతా కలిసి, తవ్విన చాళ్ల ఫొటోలు తీసి, సర్వే నంబర్లతో రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, నష్టపరిహారం కూడా అందులోనే అడగండి. స్టేషన్‌కు పోయేటప్పుడు తుపాకీ మోసుకుని బస్సెక్కొద్దు. ముందు మీ అబ్బ లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుపోయి ఎస్సైకి విషయం చెప్పండి, లోపల మందు ఉండొచ్చని కూడా చెప్పండి, ఎట్లా తేవాలో వాళ్లే చెప్తారు.