ఇంట్లోనే లోటస్ సెవెన్ రెప్లికా కట్టాలని ఉంది, కోనసీమలో అయ్యే పనేనా?

లంకలోడు:

నమస్కారం అండీ అందరికీ. మాది పి.గన్నవరం దగ్గర లంక. డిప్లొమా మెకానికల్ చదివి కువైట్‌లో పైపు ఫ్యాబ్రికేషన్ పని చేశాను, ఇప్పుడు పూర్తిగా ఇంటికి వచ్చేశాను. ఇంటి వెనక కొబ్బరితోటలో రేకుల షెడ్డు ఉంది, మిగ్ వెల్డింగ్ మిషన్, గ్రైండరు, డ్రిల్లింగ్ స్టాండు ఉన్నాయి. ఖాళీగా కూర్చోవడం నావల్ల కావడం లేదు.

పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కార్లంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. ఇంగ్లండ్‌లో జనం కిట్లు కొనుక్కుని గ్యారేజీలో లోటస్ సెవెన్, ఏసీ కోబ్రా రెప్లికాలు కట్టుకునే వీడియోలు చూసీ చూసీ ఇక ఆగలేకపోతున్నాను. బడ్జెట్ 6 లక్షలు, అది కూడా ఒక్కసారిగా కాదు, కొబ్బరి డబ్బులు వచ్చినప్పుడల్లా కొంచెం. అక్కడి నుంచి కిట్ తెప్పించుకోవాలా, లేక ఫ్రేము నేనే వెల్డింగ్ చేసుకుని ఇక్కడి బండి ఇంజిన్ పెట్టుకోవాలా? సెవెన్ తేలికా, కోబ్రా తేలికా? ఫైబర్ బాడీ మన వైపు ఎవరైనా పోస్తారా? అన్నిటికన్నా ముఖ్యంగా, కట్టాక అమలాపురం దాకా నడుపుకుని వెళ్ళొచ్చా?

మా నాన్నగారు ఆ డబ్బు పెట్టి రొయ్యల చెరువు లీజుకి తీసుకోమంటున్నారు. ఆ సలహా మాత్రం ఇక్కడ ఇవ్వకండి, ఇంట్లో రోజూ వింటున్నాను.

గోస్తనీ గట్టు:

కోబ్రా వైపు చూడకండి. ఆ ఒంపులన్నిటికీ అచ్చు చేయాలంటే బాడీ దగ్గరే మీ ఓపిక, డబ్బు రెండూ అయిపోతాయి. పైగా 1962లో షెల్బీ అనే అమెరికా ఆయన ఇంగ్లండ్ వాళ్ళ ఏసీ ఏస్ బాడీలో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్) ఇరికిస్తే పుట్టిన బండి అది. వీ8 చప్పుడు లేని కోబ్రా ఎందుకండీ, మన దగ్గర వీ8 ఎక్కడ దొరుకుతుంది? సెవెన్ అయితే ఒళ్ళంతా దాదాపు చదును రేకే. ముందు ముక్కు, నాలుగు మడ్‌గార్డులు మాత్రమే ఫైబర్.

నల్లకోటు:

మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ షెడ్డులో, మీ తోటలో మీరు ఏం కట్టుకున్నా ఎవరూ అడగరు. గేటు దాటి రోడ్డెక్కినప్పుడే చట్టం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ ప్లేస్‌లో తిరగకూడదు. పబ్లిక్ ప్లేస్ అంటే హైవే ఒక్కటే అనుకోవద్దు, జనానికి వెళ్ళే హక్కు ఉన్న ఏ దారైనా అంతే, మీ ఊరి పంచాయతీ రోడ్డుతో సహా. ఇక రిజిస్ట్రేషన్ కావాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ రూలు ఉంది. పుణెలో ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థ దగ్గర ఆ మోడల్ ప్రోటోటైప్ పాస్ కావాలి. అది వేల బండ్లు అమ్మే కంపెనీల కోసం రాసిన రూలు, షెడ్డులో ఒకే ఒక్కటి కట్టుకునే మనిషిని మనసులో పెట్టుకుని రాసింది కాదు. ఇంగ్లండ్‌లో ఇలా కట్టిన ఒక్క బండిని తీసుకెళ్ళి ఐవీఏ అనే పరీక్ష చేయించుకునే పద్ధతి ఉంది. మీరు చూసిన వీడియోల్లో వాళ్ళు ధైర్యంగా నంబరు ప్లేటు బిగించుకునేది అందుకే.

కాబట్టి అమలాపురం మాట మర్చిపోయి కట్టగలరా అన్నది ముందు మీరు తేల్చుకోవాలి.

లంకలోడు:

గురువుగారూ, ఒక చిన్న డౌటు. పాత మారుతి ఈకో వ్యాను ఒకటి ఆర్సీతో సహా కొని, దాని చాసిస్ నంబరు ఉన్న ముక్క కోసి నా ఫ్రేముకి అతికించుకుంటే? కాగితాల్లో ఈకోగానే ఉంటుంది కదా. మా ఊళ్ళో ఒకాయన జీపుని ఇలాగే నడుపుతున్నాడు.

నల్లకోటు:

వద్దు తమ్ముడూ, ఆ దారి అసలు వద్దు. ఆర్సీలో రాసి ఉన్న వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదని సెక్షన్ 52 చెప్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ తెచ్చారు, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ 6 నెలల దాకా జైలు గానీ, లేదా రెండూ. చాసిస్ నంబరు కోసి అతికించడం దీనికన్నా పెద్ద తలనొప్పి, దొంగబండి అన్న అనుమానం అక్కడి నుంచే మొదలవుతుంది. మీ ఊరి జీపు ఆయన్ని ఇంతవరకూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపలేదేమో, అంతే. అన్నిటికన్నా భయపడాల్సింది ఇన్సూరెన్స్ విషయంలో. మనిషికి దెబ్బ తగిలితే, పాలసీలో ఉన్న బండి ఇది కాదని కంపెనీ చేతులెత్తేస్తే, నష్టపరిహారం మీ కొబ్బరితోట మీద పడుతుంది.

బాడీబిల్డర్ తణుకు:

లాయరు గారు చెప్పింది నిజమే గానీ కుర్రాడి ఉత్సాహం మీద నీళ్ళు పోయకండి సార్. రోడ్డు లేకపోతే రేస్ ట్రాక్ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో ఇంట్లో కట్టిన బండిని ఏ రోజు, ఏ షరతుల మీద రానిస్తారో ఫ్రేము మొదలుపెట్టక ముందే రాసి అడగండి. రోల్ బారు, బెల్టులు, మంటలార్పే సిలిండరు గురించి వాళ్ళకి పట్టింపులుంటాయి, అవన్నీ డ్రాయింగ్‌లోనే రావాలి. బండిని డీసీఎం వ్యాన్‌లో ఎక్కించుకుని వెళ్ళాలి, ఆ ఖర్చు కూడా వేసుకోండి. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు బాజా పోటీలకి బగ్గీలు కడుతున్నారు, వాళ్ళెవరూ రోడ్డు మీద నడపడానికి కట్టట్లేదు కదా.

ఇప్పుడు కిట్ సంగతి. ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి మీ 6 లక్షలు కంటెయినరు దిగేలోపే ఆవిరి. అసలు ఆ దేశంలో కిట్లు ఎందుకు పుట్టాయంటే, 1957లో సెవెన్ వచ్చే నాటికి అక్కడ పూర్తి కారు మీద పర్చేజ్ ట్యాక్స్ ఉండేది, విడి భాగాలుగా కొంటే అది పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. అంటే వాళ్ళకి డబ్బు మిగలడానికి పుట్టిన పద్ధతిని మనం ఎక్కువ డబ్బు పెట్టి తెప్పించుకోవడం అన్నమాట! నన్నడిగితే మీరే వెల్డింగ్ చేసుకోండి. దీన్ని వాళ్ళే లోకాస్ట్ అంటారు, 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజ్, అంటే మందం 1.6. తణుకులో, రాజమండ్రిలో ఏ ఇనప కొట్లోనైనా దొరికే సరుకే. ఇరవై ఏళ్ళ కిందటే మన దేశంలోనే అలీబాగ్ దగ్గర చింకారా వాళ్ళు ఇదే ఆకారంలో రోడ్‌స్టర్ చేశారు, ఫైబర్ బాడీ, కాంటెస్సాలో వచ్చిన 1.8 ఇసుజు ఇంజిన్. కాబట్టి ఇదేదో ఇంగ్లండ్‌లోనే అయ్యే పని అనుకోనక్కర్లేదు.

ఇంజిన్‌కి నా ఓటు ఈకోకే. ఇంజిన్ పొడుగు దిశలో ఉంటుంది, వెనక గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసు హౌసింగ్, సెవెన్‌కి కావలసిన వరస ఇదే. స్విఫ్టు, ఆల్టో ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పే బండ్లు, వాటి జోలికి పోవద్దు. జిప్సీ కూడా పనికొస్తుంది గానీ ఆఫ్‌రోడ్ వాళ్ళు ధరలు పెంచేశారు. పాత ఈకో 1196 సీసీ, 73 హార్స్‌పవర్, ఇంతేనా అనుకోకండి. సెవెన్ హక్కులు కొనుక్కున్న కేటర్‌హామ్ కంపెనీయే 2013లో సుజుకీ 660 సీసీ టర్బో ఇంజిన్ పెట్టి 80 హార్స్‌పవర్‌తో 160 అనే మోడల్ అమ్మింది, బరువు 490 కిలోలు. మీ బండి 550 కిలోల్లో తేలితే ఆ 73 మీ ఒళ్ళు ఝల్లుమనిపిస్తాయి.

యాక్సిడెంటైన ఈకో మొత్తంగా కొనండి, ఇంజిన్ విడిగా వద్దు. వైరింగ్ హార్నెస్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు), తాళంచెవి, తాళం దగ్గరుండే కాయిల్ అన్నీ ఒకే బండివి కావాలి, లేకపోతే దొంగతనం జరక్కుండా పెట్టిన ఇమ్మొబిలైజర్ స్టార్ట్ కానివ్వదు. ఆటోనగర్‌లో ఇంజిన్ చవగ్గా కొనుక్కుని తర్వాత దీని దగ్గర ఇరుక్కునే వాళ్ళు బోలెడుమంది. స్క్రాప్ కింద కొంటే దాని ఆర్సీ సక్రమంగా రద్దయ్యిందో లేదో కూడా చూసుకోండి.

వెల్డింగ్ మీకు నేను చెప్పేదేముంది, కానీ కువైట్ పైపు మందం వేరు, ఇది వేరు. ముందు చదునైన టేబుల్ మీద మొత్తం ఫ్రేముకి టాకాలు (చుక్క వెల్డులు) మాత్రమే వేయండి, కర్ణాలు కొలిచి సరిగ్గా ఉన్నాకే పూర్తి వెల్డింగ్. అది కూడా ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, వరసగా లాగితే వేడికి ఫ్రేము మెలితిరుగుతుంది. 0.8 మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. తోటలో గాలికి గ్యాసు ఎగిరిపోయి వెల్డులో బొక్కలు వస్తాయి, పరదా కట్టుకోండి. సస్పెన్షన్ బ్రాకెట్లు, బెల్టు బిగించే చోట్లు 3 మిల్లీమీటర్ల ప్లేటుకి తగ్గకూడదు. ఇంకోటి, మన ఉప్పుగాలికి చదరపు పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట ఎంత పెయింటు వేసినా కనపడదు. పైపు చివరలు మూసేసి, తప్పనిసరిగా పెట్టిన బొక్కల్లోంచి లోపలికి వ్యాక్స్ కొట్టించండి.

ఫైబర్‌బోటు:

యానాం వైపు నుంచి. బోట్లు, హేచరీ ట్యాంకులు పోసే పని మాది. ముక్కు, మడ్‌గార్డులు మన తీరంలో ఫైబర్ పని తెలిసిన ఎవరైనా పోస్తారు. వాళ్ళకి కావలసింది అచ్చు. అది మీరు థర్మాకోల్, ప్లాస్టర్‌తో చేసుకుని, పుట్టీ పెట్టి, నీటి కాగితంతో అద్దంలా రుద్ది ఇస్తే సగం డబ్బు మిగిలినట్టే, ఎందుకంటే రుద్దుడే మా కూలీలో పెద్ద భాగం. మడ్‌గార్డుకి జెల్ కోటు మీద 300 మ్యాటు (చదరపు మీటరుకి 300 గ్రాముల గాజు పీచు చాప) ఒకటి, 450 మ్యాట్లు రెండు చాలు. మా బోటు వాళ్ళు అలవాటు కొద్దీ మందంగా పోసేస్తారు, దగ్గరుండి ఆపండి, లేకపోతే మీ 550 కిలోల లెక్క అక్కడే తప్పుతుంది.

వానల్లో పోయించకండి. మ్యాటు చెమ్మ పీలిస్తే పైపొర జిగురుగానే ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎండకి రెజిన్ డబ్బాలోనే గట్టిపడుతుంది, హార్డ్‌నర్ తగ్గించుకుని పొద్దున్నే పోయాలి. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మంచి కాలం.

మీరే స్వయంగా పోద్దామనుకుంటే ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. కోబాల్టు (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ వేయాలి. ఆ రెండిటినీ నేరుగా కలిపితే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టొద్దు, పిల్లలున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త.

పాలకొల్లు పాతబండి:

అందరూ కట్టమనే చెప్తున్నారు కాబట్టి నేను వేరే మాట చెప్తాను. మీకు అమలాపురం దాకా వెళ్ళాలనుంది కదా, అయితే కట్టడం మానేసి బాగుచేయడం మొదలుపెట్టండి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, విడి చాసిస్ మీద బాడీ బిగించిన బండి. బాడీ లేపి పక్కన పెట్టి చాసిస్ మీద పని చేసుకోవచ్చు, మీకున్న సరదా అంతా అందులో తీరుతుంది. 50 ఏళ్ళు దాటి, ఒరిజినల్‌గా ఉన్న బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు, నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000. ఊరికే రోజూ తిరగడానికి, బాడుగలకి కుదరదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి అలాంటి వాటికే. మామూలు ఆర్సీ బతికి ఉన్న హెరాల్డ్ దొరికితే అదే మేలు. కాకపోతే దాన్ని కోసి స్పోర్ట్స్ కారు చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను, లాయరు గారు అంతకన్నా ఒప్పుకోరు.

పార్టులు దొరకవు అంటారేమో, చాలావరకు ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డ్‌వే, అక్కడ ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి.

గోస్తనీ గట్టు:

హెరాల్డ్ అందమైనదే బాబాయ్, కానీ ఆ కుర్రాడికి వెల్డింగ్ చేయాలని ఉంది. తుప్పు గీకుతూ ఏళ్ళు గడపమంటే ఎలా? తోట గట్టున తిరగడానికైనా సెవెనే. అయితే సెవెన్ పొట్ట నేలకి చాలా దగ్గర, లంక దారుల్లో తాటికాయ అడ్డం వచ్చినా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిలు ఉండే గిన్నె) పగులుతుంది. సంప్ కింద ప్లేటు వేయించుకోవయ్యా.

లంకలోడు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. లాయరు గారి మాట విన్నాక ఒక రోజు మొత్తం డీలా పడిపోయాను, నిజం చెప్పాలంటే. తర్వాత ఆలోచిస్తే నాకు కట్టడమే ఎక్కువ ఇష్టం, నడపడం ఆ తర్వాత. కాబట్టి రోడ్డు ఆశ వదిలేసి సెవెన్ కడతాను. కరి స్పీడ్‌వేకి, చెన్నై ట్రాక్‌కి రెండిటికీ మెయిల్ పెట్టాను, జవాబు వచ్చేదాకా పైపు కోయను. మండపేటలో గుద్దేసిన ఈకో ఒకటి ఉందన్నారు, ముందు భాగం పోయింది, వెనక హౌసింగ్ బాగుందట, తాళంచెవి కూడా ఉంది. హెరాల్డ్ ఆయనా, మీ వైపు అమ్మకానికి ఏదైనా ఉంటే మా నాన్నగారికి చెప్పకుండా నాకు మెసేజ్ పెట్టండి.

బాడీబిల్డర్ గారూ, ముందు సస్పెన్షన్ విష్‌బోన్లకి (చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేతులకి) స్టీరింగ్ ర్యాక్ ఎత్తు ఎలా లెక్కేయాలి? మారుతి 800 ర్యాక్ పెడదామనుకుంటున్నా.

బాడీబిల్డర్ తణుకు:

800 ర్యాక్ బాగానే ఉంటుంది, తేలిక. టై రాడ్డు (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) పొడుగు, వాలు రెండూ విష్‌బోన్లకి సరిపోవాలి. కాగితం మీద పై విష్‌బోన్ లోపలి బోల్టు నుంచి కింది విష్‌బోన్ లోపలి బోల్టుకి గీత గీయండి, ర్యాక్ చివర ఉండే బాల్ జాయింటు ఆ గీత మీదో, దానికి బాగా దగ్గరగానో పడాలి. లేకపోతే గుంటలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తనే తిరిగేస్తుంది, 80లో వెళ్తుంటే చేతిలో స్టీరింగ్ లాగేస్తుంది. ర్యాక్ బ్రాకెట్లు టాకా మీదే ఉంచి, స్ప్రింగులు తీసేసి, జాకీతో చక్రాన్ని పైకీ కిందకీ లేపుతూ గోడ మీద గుర్తు పెట్టి చూడండి. గుర్తు కదలకుండా ఉన్నాకే పూర్తి వెల్డు. ఆ ఈకో చూడ్డానికి వెళ్ళే ముందు ఫోటోలు ఇక్కడ పెట్టండి, వెనక హౌసింగ్ వంగిందో లేదో ఫోటోలోనే కొంత తెలుస్తుంది.