ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలో కొత్తదనం నిజంగా మందగించిందా?

ప్రశ్న – పాతకాపు

ఒకప్పుడు ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్‌కు గాని, మిగతా కంపెనీల ఫోన్లను నడిపే గూగుల్ ఆండ్రాయిడ్‌కు గాని కొత్త వెర్షన్ వచ్చిందంటే ఫోను చేసే పనులే మారిపోయేవి. 2007 జూన్‌లో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చినప్పుడు బయటివారి యాప్‌లు వేసుకునే వీలే లేదు. మరుసటి ఏడాది జులైలో యాప్ స్టోర్ వచ్చింది. ఒకచోటి అక్షరాలను కాపీ చేసి మరోచోట పెట్టుకోవడానికైతే 2009 దాకా ఆగవలసి వచ్చింది. ఆండ్రాయిడ్ తొలి ఫోను హెచ్‌టీసీ డ్రీమ్‌లో తెరను పక్కకు జరిపి, కింద దాగి ఉన్న మీటల మీద టైపు చేయవలసి వచ్చేది. తెర మీది కీబోర్డు 2009 ఏప్రిల్‌లో కప్‌కేక్ వెర్షన్‌తో గాని రాలేదు. ఇప్పుడు ఏటా వచ్చే వెర్షన్లను చూస్తే గడియారం అక్షరాలు లావయ్యాయి, ఐకాన్ల రంగులు మారాయి అనడం మినహా చెప్పుకోదగ్గది నాకు కనిపించడం లేదు. రెండింటిలో ఏది వేగంగా ముందుకు సాగుతోంది? అసలు ఆ వేగాన్ని దేనితో కొలవాలి? “నా ఫోనే గొప్ప” తరహా జవాబులు వద్దని మనవి.

జవాబు – కోడుకూర్పరి

యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నానండి. ఏ సౌకర్యం ఎవరు ముందు తెచ్చారన్న పట్టికలు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి గాని, వాటిలో ఉండేది ప్రకటించిన తేదీ మాత్రమే. అది వాడేవారి చేతికి ఎప్పుడు అందిందన్నది వేరే లెక్క. ఐఓఎస్ కొత్త వెర్షన్ సెప్టెంబరులో విడుదలైతే, అర్హత ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేరోజు అందుతుంది, సంక్రాంతి నాటికి మా వాడుకరులలో ఎక్కువమంది దాని మీదే ఉంటారు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ విడుదల చేసిన కోడు ముందు చిప్ తయారీదారు దగ్గరకు, అక్కడి నుంచి ఫోను కంపెనీకి వెళ్లి, ఆ కంపెనీ తన హంగులన్నీ అద్దిన తర్వాత గాని జనానికి చేరదు. అందుచేత నాలుగైదేళ్ల కిందటి వెర్షన్లకు కూడా సరిపడేలా రాయక మాకు తప్పదు.

పైగా వెర్షన్ ఒకటే అయినంత మాత్రాన ఫోన్లన్నీ ఒకేలా నడుచుకోవు. పొద్దున్నే మందు వేసుకోమని గుర్తుచేసే యాప్ ఒకటి మేము చేశాము. ఐఫోన్లలో అది ఠంచనుగా మోగేది. ఒక కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం బ్యాటరీ ఆదా పేరిట రాత్రికి రాత్రి యాప్‌ను ఆపేసేవారు కనుక, వాడుకరి తనంతట తాను యాప్ తెరిచాకే, అంటే ఏ పదకొండింటికో, అలారం మోగేది. సెట్టింగులలో ఎక్కడో అడుగున ఉన్న ఒక మీటను మార్చుకోమని పెద్దవయసు వారికి ఫోనులో వివరించలేక మా సహాయ విభాగం వాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ జబ్బు గూగుల్‌కూ తెలుసు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్, చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా వ్యవస్థ నుంచి విడదీసింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన మెయిన్‌లైన్ అనే ఏర్పాటు వల్ల, కొన్ని భాగాలను ఫోను కంపెనీ కోసం ఎదురుచూడకుండా ప్లే స్టోర్ ద్వారానే మార్చగలుగుతున్నారు. పాతకాపు గారు కంటికి కనిపించడం లేదంటున్న కొత్తదనమంతా ఇలాంటి చోట్ల ఉంది, నా దృష్టిలో గత పదేళ్లలో ఆండ్రాయిడ్‌లో జరిగిన అతిపెద్ద పని ఇదే.

జవాబు – గోదారిగట్టు

కోడుకూర్పరి గారి కొలత ప్రకారం, ఆలస్యంగా తెచ్చినా అందరికీ ఒకేసారి పంచినవాడికే పేరు దక్కుతుంది. ఆ ఆలస్యం ఎంతో కూడా చూడాలి కదా. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లు, అంటే యాప్ తెరవకుండానే సమాచారం చూపే చిన్న పెట్టెలు, ఆండ్రాయిడ్‌లో 2009 నుంచీ ఉన్నాయి. ఐఫోన్‌లో వాటిని యాప్‌ల పక్కన పెట్టుకోగలిగింది 2020లో, ఐఓఎస్ 14 వచ్చాక. బయటివారి కీబోర్డులను 2014 దాకా రానివ్వలేదు.

తెలుగువారి సంగతికే వస్తే, తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల స్థానంలో గళ్లు కనిపించేవి, కాదనను. కాని 2014లో ఆండ్రాయిడ్ 5.0తోనే మెనూలు, సెట్టింగులతో సహా ఫోనంతా తెలుగులో పెట్టుకునే వీలు వచ్చింది. ఐఫోన్‌లో అదే వీలు 2025లో ఐఓఎస్ 18.4తో వచ్చింది. ఈ మధ్యలో, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరపు ఒకానొక కూర్పును ఎవరైనా సందేశంగా పంపితే చాలు, దాన్ని చూపించబోయి ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే స్తంభించిపోయేది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేశారనుకోండి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా కోట్లమంది రోజూ రాసే లిపిని సరిగా పరీక్షించకుండా వదిలిన వ్యవస్థ అందరికీ ఒకేసారి అందుతుందంటే, ఆ తప్పు కూడా అందరికీ ఒకేసారి అందినట్టే.

జవాబు – మూడోదారి

వాడుకరి అనుమతి అడగడంలో మాత్రం ఆపిల్ చాలా ముందున్నదని గోదారిగట్టు గారికి గుర్తుచేయాలి. నోటిఫికేషన్లు పంపేముందు యాప్ అనుమతి అడగాలన్న పద్ధతి ఐఫోన్‌లో 2009 నుంచి ఉంటే, ఆండ్రాయిడ్‌లో 2022లో, 13వ వెర్షన్‌తో వచ్చింది.

అయితే ఈ ఇద్దరి పోటీనే చూస్తూ మూడోవారిని మరిచిపోతున్నాము. నడుస్తున్న యాప్‌లను కార్డుల్లా పరచి, అక్కరలేనిదాన్ని వేలితో పైకి తోసి మూసేసే పద్ధతి 2009లోనే పామ్ కంపెనీ ఫోన్లను నడిపిన వెబ్‌ఓఎస్‌లో ఉంది. దాన్ని రూపొందించిన మటియాస్ డ్వార్టే మరుసటి ఏడాది గూగుల్‌లో చేరారు. నీడలు, మెరుపులు తీసేసి అక్షరాలకే పెద్దపీట వేసిన మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ 7 వచ్చింది 2010లో. ఐఓఎస్ 7 అలాంటి సాదా రూపానికి మారింది 2013లో. ఆ మూడోవారందరూ వెళ్లిపోయాక ఈ ఇద్దరికీ కొత్తగా నేర్పేవారు లేకపోయారు. మందగింపుకు కారణం నేను అక్కడే వెతుకుతాను. ఈమధ్య కదలిక తెచ్చింది ఇంజినీర్ల కంటే చట్టాలే ఎక్కువ: 2023లో ఐఫోన్‌కు యూఎస్‌బీ-సీ పెట్టించింది, 2024 మార్చిలో ఆపిల్ యాప్ స్టోర్ కాని వేరే యాప్ దుకాణాలకు ఐరోపాలో తలుపు తెరిపించింది ఐరోపా సమాఖ్యే.

పాతకాపు

అందరికీ ధన్యవాదాలు. కోడుకూర్పరి గారిని ఒక్క సంగతి అడగాలి. ఐఓఎస్ 18 వెర్షన్ 2018 నాటి ఐఫోన్ XSకు కూడా వచ్చింది గాని, అందులో అన్నిటికంటే ఎక్కువగా చాటిన ఏఐ సౌకర్యాలు ఐఫోన్ 15 ప్రో, ఆ తర్వాతి ఫోన్లకే పరిమితం. అందరికీ ఒకేసారి అన్న లెక్క ఇక్కడ ఎలా నిలుస్తుంది?

కోడుకూర్పరి

నిలవదండి. ఆ సౌకర్యాల వెనకున్న ఏఐ మోడల్ ఫోనులోనే నడవాలి కనుక దానికి 8 జీబీ ర్యామ్ కావాలి, అది పాత ఫోన్లలో లేదు. ఐఓఎస్ వైపు కూడా ఇప్పుడు వెర్షన్ నంబరు చూసి సరిపెట్టుకోవడం మానేసి, ఈ ఫోను ఆ పని చేయగలదా లేదా అని కోడులో విడిగా అడగడం మొదలుపెట్టాము. ఆండ్రాయిడ్ వైపు అలా అడగడం మాకు ఎప్పటి నుంచో అలవాటే.