శాంతి బొమ్మలో పావురం బదులు కాకి ఉండవచ్చా? ఎనిమిదో తరగతి అమ్మాయి పోస్టరుకు సలహాలు కావాలి

డ్రాయింగు_మాస్టారు_ఒంగోలు
అందరికీ నమస్కారం. మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక పోటీకి ‘శాంతి, ఆశ’ అనే అంశం మీద పోస్టరు వేస్తోంది. తెల్లవారుజామున ఇంటి గడప, ముందు ముగ్గు, తులసికోట, ప్రహరీ మీద కాకి. వాళ్ల నాన్న సైన్యంలో జవాను. కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు కదా, ఆ ఇంట్లో అరిస్తే ‘నాన్నకు సెలవు దొరికింది’ అనుకుంటారట. అందుకని కాకి. నాకు నచ్చింది కానీ భయంగానూ ఉంది. కాకిని న్యాయనిర్ణేతలు ఒప్పుకుంటారా? నేపథ్యం నలుపు పెట్టింది, శాంతికి నలుపు ఏమిటని అడుగుతారా? కాకి ఎడమవైపు పైన ఉండడంతో బొమ్మ అటు ఒరిగినట్టుంది, సమతుల్యత ఎలా తేవాలి? నలుపు మీద తెల్ల పోస్టరు కలరు వేస్తే బూడిద రంగుకు తిరుగుతోంది, దానికి ఉపాయం ఏమిటి? గడువు ఇంకా 12 రోజులు.

బాల్కనీ_బాధితురాలు
కాకినే పెట్టమనండి మాస్టారూ. పావురాన్ని శాంతికి గుర్తు అన్నవారెవరూ హైదరాబాదులో ఐదో అంతస్తులో కాపురం చేసి ఉండరు. మా బాల్కనీకి రెండుసార్లు వల కట్టించాం. వలకూ గోడకూ మధ్య సందులో గుడ్లు పెట్టాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా తీయడానికి మనసొప్పలేదు, ఈలోగా ఏసీ డబ్బా మీద అంగుళం మందాన రెట్ట. మా అత్తగారికి దగ్గు. నాకైతే పావురం కనిపిస్తే శాంతి పోతుంది.

పల్నాటి_పిట్ట
అమ్మా, మీ బాల్కనీలో ఉన్నది పావురం. శాంతికి గుర్తు గువ్వ. రెండూ ఒకటి కావు. గువ్వ చిన్నది, మెడ సన్నం, మా పొలం గట్ల మీద జంటగా తిరుగుతుంది, ఎవరి ఏసీ జోలికీ రాదు. తెలుగులో అన్నింటినీ పావురం అనేయడంతో వచ్చిన తంటా ఇది. మాస్టారూ, కాకి వద్దనుకుంటే గువ్వను వేయించండి. పావురాన్ని మాత్రం వేయించకండి.

రేపల్లె_అమ్మ
పక్షి సంగతి తరువాత. ముందు నిబంధనల కాగితం మొత్తం చదవండి. మా అబ్బాయి మూడు వారాలు కూర్చుని వేసిన బొమ్మను కింద చిన్నగా ‘శాంతి’ అని రాశాడని పక్కన పెట్టేశారు. ఏ పోటీయో చెప్పను, చెప్పి లాభం లేదు. లయన్స్ క్లబ్బు వారు 1988లో మొదలుపెట్టిన శాంతి పోస్టరు పోటీలోనూ ఇదే నియమం ఉందని తరువాత తెలిసింది. 11 నుంచి 13 ఏళ్ల పిల్లలకు. బొమ్మ ముందువైపు ఏ భాషలోనూ అక్షరాలు గానీ అంకెలు గానీ ఉండకూడదు. కొలత 33 సెంటీమీటర్లకు 50కి తగ్గకూడదు, 50కి 60 దాటకూడదు. మీ పోటీ ఏదో మీరు రాయలేదు. కొలతలు అడగండి. బొమ్మ పూర్తయ్యాక అంచు కత్తిరించాల్సి వస్తే పిల్లల ఏడుపు చూడలేం.

సైన్‌బోర్డు_తాత_తెనాలి
34 ఏళ్లు గోడల మీద, రేకుల మీద, లారీల వెనక రాశాను. ఫ్లెక్సీలు వచ్చి మా అన్నం తీసేశాయి, అది వేరే కథ. మాస్టారూ, అందరూ పక్షి దగ్గరే ఆగిపోయారు. నల్ల నేపథ్యం అన్నారు, కాకి అన్నారు. నలుపు మీద నలుపు ఎలా కనిపిస్తుంది?

డ్రాయింగు_మాస్టారు_ఒంగోలు
తాతగారూ, సిగ్గుగా ఉంది. కాకి చుట్టూ తెల్ల గీత గీయించాను. అదే బూడిదగా మారుతోంది.

బాల్కనీ_బాధితురాలు
పల్నాటి_పిట్ట గారూ, శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చింది ఎవరి కోసం? పావురం కోసం. గువ్వ కోసమని ఎవరైనా చెప్పగా విన్నారా?

పల్నాటి_పిట్ట
సంస్కృతంలో కపోతం. దాన్ని గువ్వ అని కూడా అనవచ్చు. మీకు పక్షుల గురించి తెలియకపోతే రెట్ట గురించే రాయండి.

బాల్కనీ_బాధితురాలు
రాస్తాను. మీ ఇంటి చిరునామా ఇస్తే పంపిస్తాను కూడా.

నల్లసిరా
ఇద్దరూ కాస్త ఆగండి. చిత్రకారుడు పికాసో 1949 ఏప్రిల్‌లో జరిగిన పారిస్ శాంతి మహాసభ పోస్టరుకు ఇచ్చిన పక్షి గువ్వ కాదు. తోటి చిత్రకారుడు మతీస్ ఆయనకు కానుకగా ఇచ్చిన పెంపుడు పావురం, కాళ్ల మీద కూడా ఈకలున్న రకం. నోటిలో ఆలివు కొమ్మ కూడా లేదు, కొమ్మ ఉన్న గీతల బొమ్మలు ఆయన తరువాత వేశాడు. ఆ ఏప్రిల్‌లోనే పుట్టిన కూతురికి పలోమా అని పేరు పెట్టారు. స్పానిష్‌లో పలోమా అంటే గువ్వా అవుతుంది, పావురమూ అవుతుంది, కనుక ఆ భాష వారికి ఈ తగాదా లేదు. మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ లిథోగ్రాఫులో, అంటే ఆ పోస్టరు అచ్చు బొమ్మలో, తెల్ల పక్షి వెనక అంతా నలుపే. మన నందలాల్ బోస్ 1930లో లినోలియం మీద చెక్కి అచ్చు వేసిన దండి గాంధీ కూడా అంతే. నల్లటి నేల, తెల్ల గీతల్లో కర్ర పట్టుకుని నడిచే మనిషి. శాంతికి నలుపు ఏమిటని అడిగేవారికి ఈ రెండూ చూపించండి.

పల్నాటి_పిట్ట
పికాసో పొరపాటు చేస్తే మనమూ చేయాలా?

లలితకళ_ఎంఎఫ్‌ఏ
ఇంత చర్చలో ఒక్కరైనా సిద్ధాంతం ఎత్తలేదు. పాశ్చాత్యుల డిజైన్ సూత్రాలు మనకు కొత్త కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చిత్రకళకు ఆరు అంగాలు చెప్పాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్య యోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. అమ్మాయికి ముందు ఇవి కంఠస్థం చేయించండి. నేను రెండు సామూహిక ప్రదర్శనల్లో పాల్గొన్నాను. అనుభవంతో చెబుతున్నాను.

పుస్తకాల_పురుగు_వరంగల్లు
ఆ శ్లోకం వాత్స్యాయనుడిది కాదు. కామసూత్రానికి యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యానంలోది. వాత్స్యాయనుడు 64 కళల్లో ఆలేఖ్యం, అంటే బొమ్మలు వేయడం, అని పేరు చెప్పి ఊరుకున్నాడు.

లలితకళ_ఎంఎఫ్‌ఏ
వ్యాఖ్యానం మూలంలో భాగమే. మీరు కుంచె పట్టారా ఎప్పుడైనా?

పుస్తకాల_పురుగు_వరంగల్లు
పట్టలేదు. పుస్తకం పట్టాను. అందుకే తెలిసింది.

లలితకళ_ఎంఎఫ్‌ఏ
ఇలాంటివారి వల్లే కళ గురించి మాట్లాడేవారు లేకుండా పోతున్నారు. పదమూడేళ్ల పిల్లకు కాకిని అప్పగించి శాంతి అంటున్నారు. శనీశ్వరుడి వాహనమది, పిండం ముట్టే పక్షి. రేపు ఏదైనా

నిర్వాహకులు
పై అభిప్రాయంలో చివరి రెండు వాక్యాలు తొలగించాం. ఆ పిల్ల తండ్రి సైన్యంలో ఉన్నాడని మొదటి పోస్టులోనే రాసి ఉంది. చూసి మాట్లాడండి.

కొవ్వూరు_గోదారి
చర్చిలో ఆదివారం బడి పాఠాలు చెబుతాను, అందుకని ఒక మాట. బైబిల్లో జలప్రళయం కథలో అందరూ నోవహు పావురాన్నే గుర్తుపెట్టుకున్నారు. అంతకు ముందు ఓడ కిటికీలో నుంచి ఆయన వదిలింది కాకిని. నీళ్లు ఇంకేదాకా అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కొమ్మ తెచ్చిన పావురానికి పేరొచ్చింది. కాకి ఖాళీ ముక్కుతో ఎగిరినన్ని రోజులూ ఎవరికీ పట్టలేదు. మా పిల్లలకు ఈ సంగతి చెబితే ఎంత సంబరపడ్డారో.

బాల్కనీ_బాధితురాలు
చూశారా, అక్కడ కూడా ముందు కాకే!

సైన్‌బోర్డు_తాత_తెనాలి
మాస్టారూ, మీ ప్రశ్నల్లో చాలావాటికి ఒకటే మందు. ఆకాశం మొత్తం నలుపు పెట్టకండి. తెల్లవారుజామంటున్నారు కదా, కాకి వెనక మాత్రమే తెల్లవారనివ్వండి. కాకి నడుము ఎత్తున జానెడు వెడల్పు వెలుగు, మిగతాదంతా చీకటి. నలుపూ తెలుపూ ఎక్కడ ఒరుసుకుంటే కన్ను అక్కడికి పరుగెత్తుతుంది. బోర్డు మీద దుకాణం పేరు అలాగే రాసేవాళ్లం. మీ పుస్తకాల్లో దాన్ని ప్రాధాన్యం అంటారు కాబోలు. ఇక ఆ వెలుగుకు తెల్ల రంగు ముట్టుకోకండి. కాగితాన్నే వదిలేయండి. పోస్టరు కలరు ఆరినా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది, అందుకే మీ తెలుపులోకి నలుపు లేచి బూడిద అవుతోంది. తప్పదనుకున్న చోట నలుపుకు నీళ్లకు కరగని ఇండియన్ ఇంకు వాడి, పూర్తిగా ఆరాక దాని మీద తెలుపు పెట్టండి. రంగు మరీ చిక్కగా వేస్తే ఆరాక పెచ్చులూడుతుంది, వెన్న తీసిన మజ్జిగలా ఉండాలి.

ఒరగడం అన్నారు. కావడి చూశారు కదా. ఒక వైపు బరువు ఎక్కువైతే మోసేవాడు భుజం అటు జరుపుతాడు, అంతేకానీ రెండో వైపు రాళ్లు నింపడు. మీరు రాళ్లు నింపి ఉంటారని నా అనుమానం. కుడివైపు ఏమున్నాయో నిజం చెప్పండి.

డ్రాయింగు_మాస్టారు_ఒంగోలు
కుడివైపు భూగోళం. దాన్ని పట్టుకున్న రెండు చేతులు. వెనక ఇంద్రధనుస్సు. ఆ పిల్ల వేయలేదు. నేనే వేయించాను, న్యాయనిర్ణేతలకు నచ్చుతుందని.

రేపల్లె_అమ్మ
అయ్యో మాస్టారూ!

నల్లసిరా
గత నాలుగేళ్లుగా మా ఊరి పోటీకి బొమ్మలు చూస్తున్నాను. వందలో సగానికి పైగా భూగోళాలే. పదో భూగోళం దాటాక పదకొండోది కంటికి ఆనదు.

లండన్_చలి
ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గదికి తరచూ వెళ్తుంటాను. మనవి ఇక్కడెందుకు ఉన్నాయనే బాధ ఎలాగూ ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి ఒకటి చెబుతాను. చాలా పలకల్లో బుద్ధుడు ఉండడు. ఖాళీ ఆసనం ఉంటుంది, పాదాల గుర్తులు ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఆ ఖాళీయే ఆయన. మాస్టారూ, గడప దగ్గర అమ్మాయి చిన్న చెప్పులు పెట్టించి, పక్కన నాన్న బూట్లు పట్టేంత చోటు వదిలేయమనండి. భూగోళం కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

పుస్తకాల_పురుగు_వరంగల్లు
అమరావతి శిల్పాల్లోనే నలగిరి ఏనుగు పతకం కూడా ఉంది, అది చెన్నై మ్యూజియంలో. ఒకే గుండ్రటి రాయిలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మనుషులను తొండంతో విసిరేస్తూ, రెండో పక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి. మేడల మీద నుంచి జనం తొంగి చూస్తుంటారు. శాంతిని బొమ్మ కట్టడం అంటే అలా కట్టాలి. ఎంఎఫ్‌ఏ గారు చూసే ఉంటారు.

లలితకళ_ఎంఎఫ్‌ఏ
చూశాను. మీతో మాట్లాడను.

విశాఖ_అల
ఇంత గొడవ ఎందుకు, గుండ్రటి గీతలో మూడు గీతలుండే శాంతి చిహ్నం వేస్తే సరిపోదా? అందరికీ తెలుసు. టీషర్టుల మీద కూడా ఉంటుంది.

నల్లసిరా
అది శాంతికని కాదు, 1958లో బ్రిటన్‌లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా జరిగిన నడక కోసం జెరాల్డ్ హోల్టమ్ గీశాడు. జెండాలతో చేసే సంకేతాల్లో ‘ఎన్’, ‘డి’ అక్షరాలు (న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణు నిరాయుధీకరణ) కలిపితే ఆ రూపం వస్తుంది. నిరాశలో చేతులు కిందికి చాచిన మనిషిగా తననే గీసుకున్నానని, స్పెయిన్ చిత్రకారుడు గోయా బొమ్మలో తుపాకుల ముందు నిలబడ్డ రైతులాగా అని తరువాత చెప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే గోయా రైతు చేతులు పైకెత్తి ఉంటాడు. ఆశ కోసం వెతికేవారు ముందు ఆ చేతుల సంగతి తేల్చుకోవాలి.

విశాఖ_అల
అయితే తలకిందులుగా వేస్తే సరి.

సైన్‌బోర్డు_తాత_తెనాలి
ఒక చిట్కా మరిచాను. పెద్ద కాగితం ముట్టకముందు అగ్గిపెట్టె అంత కాగితాల మీద పది రకాలుగా వేయించండి. నలుపు, తెలుపు, నడిమి బూడిద, అంతే. కళ్లు సగం మూసి చూస్తే ఏది నిలిచిందో ఏది కలిసిపోయిందో తెలిసిపోతుంది. నా శిష్యులకు మొదటి నెలంతా ఇదే పని. ఇప్పుడు శిష్యులూ లేరు, బోర్డులూ లేవు. మొన్న మా వీధి మిఠాయి కొట్టు ఫ్లెక్సీలో లడ్డు ఆకుపచ్చగా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

డ్రాయింగు_మాస్టారు_ఒంగోలు
ఐదు రోజుల తరువాత వస్తున్నాను, మన్నించండి. భూగోళం పోయింది. తీసేద్దామా అని అడిగితే ఆ పిల్ల నా మాట పూర్తి కాకముందే రబ్బరు అందుకుంది. కాకి వెనక వెలుగు కాగితమే. తాతగారికి దండం. తులసికోటను కుడివైపు కిందికి జరిపాం, కావడి నిలబడింది.

బూట్ల ఖాళీ మాత్రం ఒప్పుకోలేదు. ‘ఖాళీ ఉంచితే రాలేదని అర్థం వస్తుంది సార్’ అంది. దాని బదులు ముగ్గు సగమే వేసింది. ఎడమ సగం గీతలు కలిపి ఉన్నాయి, వీధి గుమ్మం వైపు సగంలో చుక్కలు మాత్రమే. మిగతావి ఎప్పుడు కలుపుతావని అడిగాను. ‘నాన్న బస్సు దిగాక’ అంది. ఫోటో పెట్టాను, చూడండి.

బాల్కనీ_బాధితురాలు
కాకి ముక్కు భలే వచ్చింది. మా అత్తగారికి కూడా చూపించాను.

పల్నాటి_పిట్ట
బాగుంది. గువ్వ ఉంటే ఇంకా బాగుండేది.

రేపల్లె_అమ్మ
మాస్టారూ, అంతా బాగుంది కానీ ముగ్గులో చుక్కలు తప్పాయి. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా వేసింది. అలాంటప్పుడు వరసలు ఏడు, ఆరు, ఐదు, నాలుగు ఉండాలి. ఆమె ఆరు వదిలేసి ఏడు మీద ఐదు పెట్టింది. ముగ్గు తెలిసిన ఆడవాళ్లు ఎవరైనా నిర్ణేతల్లో ఉంటే మొదట చూసేది అదే.

కొవ్వూరు_గోదారి
ఏడు మీద ఐదు పెడితే ఎదురు చుక్క అవుతుంది కదండీ, అది ఒకటి వచ్చేదాకా వేస్తారు. తప్పనలేం.

రేపల్లె_అమ్మ
ఎదురు చుక్క అయితే పై చుక్కకు సరిగ్గా కింద చుక్క ఉండాలి. ఫోటో పెద్దది చేసి చూడండి, సందులో ఉంది.

డ్రాయింగు_మాస్టారు_ఒంగోలు
రేపు బడికి వెళ్లగానే లెక్కపెట్టిస్తాను. ఇండియన్ ఇంకు మీద చుక్క చెరపడం ఎలాగో ఎవరికైనా తెలుసా?