విశాఖ – పోర్ట్ బ్లెయిర్: డైరెక్ట్ విమానం అడుగుదామా, ఓడలు పెంచమందామా?

ఉద్దానం వాసి
మా ఊళ్లో అండమాన్‌తో చుట్టరికం లేని ఇల్లు తక్కువ. ఎంపీ గారికి వినతిపత్రం ఇద్దామని కూర్చుంటే ఎంతకీ తెమల్లేదు. కుర్రాళ్లు విశాఖ నుంచి రోజూ డైరెక్ట్ విమానం కావాలంటారు, పెద్దవాళ్లు ఓడలు పెంచమంటారు. నేను ఓడ పక్షం. విశాఖ రేవు నుంచి నెలకో ఓడ కదిలితే గొప్ప. అయినా దాన్నే నమ్ముకున్నవాళ్లు ఎంతమందో! విమానంలో 15 కిలోలు దాటితే కిలోకింతని కట్టాలి. ఇక్కడ పెళ్లి చూసుకుని తిరిగెళ్లే కుటుంబం జీడిపప్పు, పచ్చడి జాడీలు, కొత్త బట్టలు, వంటపాత్రలు అన్నీ వేసుకుపోయేది ఓడలో అన్నిటికన్నా చవకైన బంకు క్లాసులోనే. కాదనేవాళ్లు చెప్పండి.

గాజువాక కుర్రాడు
అన్నా, ఓడకి దగ్గరదగ్గర 56 గంటలు. పోనూ రానూ ఐదు రోజులు నీళ్లమీదే గడిచిపోతే, పది రోజుల సెలవు దొరికినవాడు అక్కడ ఉండేదెన్నాళ్లు? విమానమైతే రెండు గంటలు. ఇప్పుడు చెన్నై పోయి రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పడిగాపులు కాసి పొద్దున్నే ఎక్కుతున్నాం. జనం ఉన్నారు, వేస్తే నిండుతుంది.

రన్‌వే కబుర్లు
తమ్ముడూ, నిండుతుందని చెప్తే చాలదు. నాకు తెలిసిన సంగతులు కొంచెం వివరంగా చెప్తాను, ఇవి తెలీకుండా వినతిపత్రం రాస్తే బుట్టదాఖలే.

పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది ఒక్కటే రన్‌వే, అదీ నౌకాదళంతో కలిసి వాడుకోవాలి. ఒక చివర గుట్ట అడ్డం. అందుకని విమానం ఏ వైపు నుంచి వచ్చి దిగుతుందో మళ్లీ ఆ వైపుకే లేస్తుంది. అంటే గాలి రన్‌వే వెంబడి ఎటు వీచినా దిగేటప్పుడో లేచేటప్పుడో వెనక గాలి తప్పదు. గాలి పెరిగితే బరువు తగ్గించుకోవాలి, ఇంకా పెరిగితే అసలు కదలకూడదు. అందుకే కంపెనీలన్నీ గాలి తక్కువుండే పొద్దుటి స్లాట్ల కోసం, అంటే దిగి లేవడానికి కేటాయించే వేళల కోసం, పోటీ పడతాయి. 2023లో కొత్త టెర్మినల్ తెరిచారు నిజమే, రన్‌వే మాత్రం అదే. పైగా వాతావరణం చెడితే పక్కన దిగడానికి మరో ఊరు లేదు, వెనక్కి తిరిగి రావడానికి సరిపడా ఇంధనం మోసుకెళ్లాలి. ఏటీఆర్ లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానంతో అయ్యే పని కాదు, 180 సీట్ల జెట్ కావాలి. ఆ జెట్ పొద్దున్నే విశాఖలో ఖాళీగా ఉండాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి. చెన్నై, కోల్‌కతాల్లో ఈ చిక్కు లేదు.

ఇంకోటి. 1994 నుంచి ఒక నిబంధన ఉంది: మెట్రోల మధ్య తిప్పే సామర్థ్యంలో కనీసం పదో వంతు ఈశాన్యం, జమ్మూకాశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ మార్గాల్లో తిప్పాలి. అండమాన్‌కి చెన్నై నుంచి వేసినా ఆ లెక్క చెల్లిపోతుంది. మరి విశాఖ నుంచి ఎందుకు వేస్తారు?

సముద్రమంటే ఇష్టం
ఎంతసేపూ గంటలూ కిలోలేనా? ఓడలో వెళ్లడమే ఒక యాత్ర అండీ. డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగయ్యాక ఇక చుట్టూ నీళ్లే. డెక్ మీద రైలింగు పట్టుకుని నిలబడితే ఎగిరే చేపలు ఓడకి జడిసి గుంపుగా లేచి, నీటిపై జానెడెత్తున సాగి మళ్లీ మునుగుతాయి. అక్కడి దీవుల మధ్య తిరిగేటప్పుడు కూడా నేను సర్కారు ఫెర్రీకే ఓటేస్తాను. హేవ్‌లాక్ దీవికి కాటమరాన్ అనే వేగంగా పోయే ప్రైవేటు పడవ గంటన్నరలో చేరుస్తుంది, కాకపోతే ఏసీ పెట్టెలో అద్దం వెనక కూర్చోబెడుతుంది. సర్కారు ఫెర్రీకి ఇంకో గంట పట్టినా గాలి మొహానికి తగులుతుంది. వెళ్లేవాళ్లు జనవరి, మార్చి మధ్య వెళ్లండి, వానాకాలం వాంతులు తప్పవు.

జంగ్లీఘాట్ అమ్మాయి
నేను పుట్టి పెరిగింది ఇక్కడే. 2024లో మా ఊరి పేరు శ్రీ విజయపురం చేశారు, మా నోటికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది. అక్కా, చేపలు చూడ్డానికి మీకు ఓడ బాగుంటుంది. మా అమ్మమ్మ టెక్కలిలో పోయినప్పుడు మా అమ్మ కడచూపుకి అందలేదు. ద్వీపవాసులకి ఓడ టికెట్ చవక, కాదనను. కానీ తుపానొస్తే ఆగిపోతుంది, మరమ్మతుకెళ్తే ఎప్పుడొస్తుందో తెలీదు. జబ్బుకీ చావుకీ విమానమే కావాలి.

ఉద్దానం వాసి
చెల్లెమ్మా, నీ మాట కొట్టిపారెయ్యలేను. కానీ విమానం వేసినా నిలుస్తుందన్న నమ్మకం ఏది? 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకి విమానాలు వేయించే ఉడాన్ పథకం కింద సర్వీసులు మొదలైనప్పుడు తొలి విమానాల్లో కడప – హైదరాబాద్ ఒకటి. అది నడిపిన కంపెనీ అయిదేళ్లు తిరక్కుండా ఆగిపోయింది. ఆ పథకంలో సర్కారు లోటు పూడ్చేది మూడేళ్లే. ఓడ ప్రభుత్వానిది, లాభం చూడక్కర్లేదు, గట్టిగా అడగొచ్చు. నెలకి రెండు ఓడలు, మూడు నెలల తేదీలు ముందే ప్రకటించాలి: ఇది మొదటి కోరిక. వారానికి రెండు విమానాలు రెండో కోరిక. రోజూ కావాలంటే ఏదీ రాదు.

జంగ్లీఘాట్ అమ్మాయి
ఆ రెండో కోరికని మొదటికి తెండన్నయ్యా. ఇక్కడ మా వీధి మొత్తం చేత సంతకాలు పెట్టిస్తాను.