అప్‌డేట్: లినక్స్ వాడినందుకు లైసెన్సు కట్టమన్న ఉత్తరం సంగతి

పోయిన నెల అడిగాను కదా, విశాఖ ద్వారకానగర్‌లో మా డీటీపీ షాపుకి ఒక కంపెనీ ఉత్తరం పంపిందని. మేం వాడే ఉబుంటులో (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ రకం) వాళ్ల పేటెంట్లున్నాయట, డబ్బు కట్టాలట. భయపడి కట్టేయబోయాను కూడా.

మీరన్నట్టే, ఏ పేటెంటు, నంబరెంత, మన దేశంలో ఇచ్చిందేనా అని స్పీడ్ పోస్టులో అడిగా. మూడు వారాలైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. 2007లో మైక్రోసాఫ్ట్ కూడా లినక్స్, మిగతా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్లు కలిపి తన 235 పేటెంట్లు ఉల్లంఘిస్తున్నాయంది, జాబితా మాత్రం ఇవ్వలేదు. 2018లో పేటెంట్ గొడవల నుంచి లినక్స్‌ని కాచే ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో తనే చేరింది!

జగదాంబ దగ్గర లాయరు గారేమో, మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంటివ్వరు, అయినా ఉత్తరం పారేయొద్దన్నారు. ఫైల్లో పెట్టా.

ఒక పాత సిస్టమ్‌లో దొంగ తెలుగు ఫాంట్లు మాత్రం దొరికాయి. అది మా తప్పే. తీసేశా.