నాదు బిడ్డలా, నీదు బిడ్డలా?

వసుంధర: మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన మన సిపాయిలపై సరోజినీ నాయుడు ఇంగ్లీషులో రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' పద్యం చివరి పాదానికి మా తెలుగు మాస్టారి అనువాదం సగమే గుర్తుంది. "మరచిపోకుము నాదు బిడ్డల..." అన్నారో 'నీదు బిడ్డల' అన్నారో రెండు రోజులుగా తేలడం లేదు. తరువాతి పాదం ఎవరికైనా వచ్చా?

శ్రీహరి: నాదు. మాట్లాడుతున్నది భారతమాత. ఇందులో సందేహమేముంది?

పద్మజ: ఉంది శ్రీహరి గారూ. ఇంగ్లీషులోనే 'మై' (నా) అనీ 'దై' (నీ) అనీ రెండు పాఠాలూ చూశాను. నా ఓటు 'దై'కి. 1915 డిసెంబరులో హైదరాబాద్ లేడీస్ వార్ రిలీఫ్ అసోసియేషన్ నివేదిక కోసం రాసిన పద్యం అది. నీ బిడ్డలంటే ఆ సంఘంలోని తల్లుల బిడ్డలే.

శ్రీహరి: మొదటి చరణం నుంచీ 'నువ్వు' ఇంగ్లండు అయితే చివర్లో సంఘం సభ్యురాలు ఎలా అయింది?

మూర్తి: నాదు, నీదు రెండూ మూడు మాత్రలే (హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు), ఛందస్సు తీర్పు చెప్పదు. కానీ ఆ నడక చూశారా? మూడు, నాలుగు, మూడు, నాలుగు. గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సు! విదేశీ సమాధుల్లోని సిపాయిలను ముత్యాలతో పోల్చిన పద్యానికి మాస్టారు గురజాడ నడక ఎంచుకున్నారంటే చెయ్యెత్తి మొక్కాలి. గురజాడ పోయింది కూడా 1915 నవంబరు 30నే.

అనసూయ: ముత్యాలు సరే, మొదటి చరణంలోని బట్టల మాటేమిటి? 1914లో లండన్ లైసియం క్లబ్బు ఆడవాళ్ళు సిపాయిలకు బట్టలు కుట్టించేవారు. సరోజిని అందులో సభ్యురాలు. కొలతకు కత్తిరించిన గుడ్డల కుప్ప తెచ్చి ముందు పెట్టి, అన్నీ కుట్టించి తెమ్మన్నారని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. తమ తొలి పరిచయం అదేనన్నారు కూడా. అలాంటి మనిషి రాసిన 'రెయిమెంట్' (దుస్తులు) అన్న మాటను 'వస్త్రాలు' అంటే సరిపోతుందా? 'గుడ్డలు' అనాలి.

శ్రీహరి: పద్యంలో గుడ్డలా!

మూర్తి: గురజాడ అయితే జంకేవారు కాదు.

వసుంధర: అయ్యా, నా తరువాతి పాదం?

మూర్తి: "రక్తధారను" అయి ఉండాలి. ఏడు మాత్రలు సరిగ్గా సరిపోతాయి.

వసుంధర: మాస్టారు 'నెత్తురు' అన్నట్టు గుర్తండీ.

మూర్తి: అది నాలుగే. ముందు మూడు మాత్రల మాటేదో పోయింది, గుర్తు చేసుకోండి.